హైవే పక్కన స్థలం, హైవే ఎక్కే దారి

శ్రోతలకు నమస్కారం.

“హైవే బిట్టండీ, రోడ్డు ఫేసింగే!” భూముల బేరాల్లో ఈ ఒక్క మాటకి గజం ధర ఎంత పైకి పోతుందో మీకు చెప్పనక్కర్లేదు. కానీ హైవేని ఆనుకుని స్థలం ఉండటం వేరు, ఆ స్థలంలోంచి హైవే ఎక్కే హక్కు ఉండటం వేరు. మళ్ళీ చెబుతాను. ఆనుకుని ఉండటం వేరు, ఎక్కే హక్కు ఉండటం వేరు.

మీ గట్టుకీ తారు అంచుకీ మధ్య కనబడే ఖాళీ జాగా రహదారిది, మీది కాదు. 2002లో పార్లమెంటు జాతీయ రహదారుల భూమి, రాకపోకల నియంత్రణకి ఒక చట్టం చేసింది. దాని 28వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండితో జాతీయ రహదారి మీదకి వచ్చే హక్కు ఎవరికీ లేదు. బండి మాట అలా ఉంచండి, ఐదుగురు, అంతకు మించి గుంపుగా నడిచి రావడానికి కూడా లేదు. ఊరేగింపులు గుర్తొచ్చి నవ్వొస్తుంది గానీ, చట్టంలో ఉన్న మాటే అది. అనుమతి ఎలా అడగాలో 29వ సెక్షన్‌లో ఉంది.

సరే, అనుమతి వచ్చిందనుకుందాం. దారి వెయ్యాలి. ఖర్చు ఎవరిది? వెంచర్ వేసినవాళ్ళదా, పంచాయతీదా, ప్రభుత్వానిదా? ఈవేళ మాట్లాడుకునేది ఇదే.

ముందు ఆ దారిలో ఏమేం ఉంటాయో కళ్ళముందు పెట్టుకోండి. చాలామంది అనుకునేది నాలుగు టిప్పర్ల మొరం పోసి రోలరు తిప్పితే సరిపోతుందని. సరిపోదు. పెట్రోలు బంకుల కోసం చాలాకాలంగా ఉన్న కొలతలు చూడండి. లోపలికి వచ్చే వైపు వేగం తగ్గించుకునే వరస, అంటే విడి లేను, 70 మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు. బయటికి వెళ్ళే వైపు వేగం అందుకునే వరస 100 మీటర్లు. ఎందుకింత? గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 70 మీటర్లు దాటడానికి మూడు సెకన్లే పడుతుంది. ఆ 70 మీటర్లలోనే వేగం 30కి దించాలంటే బ్రేకు కాస్త గట్టిగానే తొక్కాలి. ఖర్చు కలిసొస్తుందని 70 మీటర్ల వరసని 30 మీటర్లకి కుదించారనుకోండి, డ్రైవరు హైవే మీద ఉండగానే బ్రేకు తొక్కుతాడు. వెనకాల లారీ వస్తూంటుంది.

తరవాత సైడు కాలువ. దారి వేసేటప్పుడు ఎక్కువ చెడేది ఇక్కడే. కాలువ మీద తూము కట్టాలి. మనిషి దూరి పూడిక తీయగలిగినంత పెద్దది కట్టాలి. చిన్న సిమెంటు పైపు వేసి పైన మట్టి కప్పేస్తే రెండో వానాకాలానికి అది మూసుకుపోతుంది. నీళ్ళు హైవే అంచున నిలుస్తాయి, తారు కింద కంకర నాని మెత్తబడుతుంది, పైన లారీ పోగానే గుంట పడుతుంది. అలాగే వాలు. దారి వాలు ఎప్పుడూ హైవే వైపు నుంచి లోపలికి ఉండాలి. ఎదురు వాలు ఉంటే లేఅవుట్‌లో పడ్డ వానంతా హైవే మీదకే వస్తుంది.

ఇంకా ఉన్నాయి. కరెంటు స్తంభాలు జరపాలి, మంచినీళ్ళ పైపు, కేబుళ్ళు తప్పించాలి. ఈ పనికి అంచనా వేసేది ఆయా శాఖలు. వాళ్ళ అంచనా చేతికి రాకముందే మొత్తం ఖర్చు ఇంత అని చెప్పేవాళ్ళ లెక్క నమ్మకండి. వేగం తగ్గించే వరస కింద పొరలు కూడా హైవే పొరలంత మందం ఉండాలి. ఇంటిల్లిపాదీ వెళ్ళే కార్లకే గదా అని పలచగా వేస్తే, ఆ ఇళ్ళు కట్టడానికి వచ్చే ఇసుక లారీలే ముందు దాన్ని తొక్కేస్తాయి.

ఇదంతా వెంచర్ గేటు ముందున్న ఖర్చు. దీని మీద పెద్ద వాదం ఉండదు. ఎవరి గేటు, వాళ్ళ ఖర్చు. వాదమంతా కొంచెం అవతల మొదలవుతుంది. పక్కన ఉన్న జంక్షను, దానికి కావలసిన సర్వీసు రోడ్డు, అండర్‌పాస్. అవి ఈ వెంచర్ ఒక్కదాని కోసమే కాదు. అలాగని వెంచర్‌కి సంబంధం లేదనీ అనలేం.

ఇక్కడ నాకు బాగా నచ్చిన కేసు ఒకటి చెప్పాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఎల్ డొరాడో కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. శాక్రమెంటో నుంచి టాహో సరస్సు వైపు కొండలెక్కుతూ పోయే హైవే 50 ఈ కౌంటీ మీదుగానే వెళుతుంది. అక్కడ ప్లాసర్‌విల్ దగ్గర ఒకాయనకి సొంత స్థలం ఉంది. దాంట్లో ఇల్లు పెట్టుకుందామనుకున్నాడు. అపార్ట్‌మెంటు కాదు, కాలనీ కాదు. ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి దింపే ఒక్క ఇల్లు. పర్మిట్ కోసం వెళితే కౌంటీవాళ్ళు ట్రాఫిక్ ప్రభావ రుసుము కట్టమన్నారు. ఎంత? 23,420 డాలర్లు. అందులో హైవే 50 కోసం 2,260 డాలర్లు, మిగతా 21,160 డాలర్లు లోపలి రోడ్ల కోసం. అంటే హైవే వాటా పదో వంతు కూడా లేదు.

ఆ అంకె ఎలా వచ్చింది? ఆయన ఇంటి నుంచి రోజుకి ఎన్ని బళ్ళు బయటికి వస్తాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కౌంటీ దగ్గర ఒక పట్టిక ఉంది. ఫలానా జోన్‌లో ఫలానా రకం కట్టడం అయితే ఇంత. అంతే. ఆయన నిరసన తెలుపుతూనే డబ్బు కట్టి కోర్టుకి వెళ్ళాడు.

అమెరికా సుప్రీంకోర్టు అంతకుముందే రెండు కేసుల్లో, 1987లో ఒకటి, 1994లో ఒకటి, రెండు ప్రశ్నలు ఖాయం చేసింది. కట్టడానికి అనుమతి ఇస్తూ నువ్వు అడిగేదానికీ, ఆ కట్టడం వల్ల వచ్చే ఇబ్బందికీ అసలు సంబంధం ఉందా? ఉంటే, అడిగేది ఆ ఇబ్బందికి తగినంతే ఉందా? సంబంధం ఉందా, తగినంత ఉందా. కాలిఫోర్నియా కోర్టులు ఏమన్నాయంటే, ఆ ప్రశ్నలు అధికారి ఒక్కో మనిషిని చూసి విధించే షరతులకే గానీ, చట్టసభ, ఇక్కడ కౌంటీ పాలకమండలి, అందరికీ కలిపి పెట్టిన పట్టికకి వర్తించవని. 2024 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకే మాట మీద ఆ వాదాన్ని కొట్టేశారు. తీర్పు రాసింది జస్టిస్ ఏమీ కోనీ బ్యారెట్. పట్టిక పెట్టింది అధికారి అయినా చట్టసభ అయినా ఆ ప్రశ్నలు తప్పించుకోవడం కుదరదు అన్నారు. అయితే ఒక మెలిక ఉంది. అందరికీ కలిపి పెట్టిన పట్టిక ఒక్కొక్క ఇంటికీ అంత కచ్చితంగా సరిపోవాలా అన్నది తేల్చకుండా కేసుని కిందికి పంపారు. న్యాయంగా చూస్తే అసలు కష్టమైన ప్రశ్న అదే. తేల్చకుండా వదిలేశారేమని నాకు కొంచెం అసంతృప్తి.

ఎందుకు కష్టమంటే, “తగినంత” అన్నది లెక్కలో పెడితే ఏమవుతుందో చూడండి. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక జంక్షన్‌లో రద్దీ గంటలో 900 బళ్ళు పోతున్నాయి. కొత్త వెంచర్ వల్ల ఇంకో 300 వస్తాయి. జంక్షన్ బాగుచేయడానికి 4 కోట్లు. వెంచర్ వాటా ఎంత? మొత్తం 1200లో 300 కాబట్టి పావు వంతు, కోటి రూపాయలు అంటాడు వెంచర్ యజమాని. ఆగండి, ఆ 900 బళ్ళకి ఉన్న జంక్షన్ చాలుతోంది, బాగుచేయాల్సి వచ్చిందే కొత్త బళ్ళ వల్ల అంటుంది మునిసిపాలిటీ. కొత్తవి ఎన్ని? వెంచర్‌వి 300, ఊరు దానంతటదే పెరిగి వచ్చేవి ఇంకో 300. అంటే వెంచర్ వాటా సగం, 2 కోట్లు. జంక్షన్ అదే, వెంచర్ బళ్ళు అవే, ఖర్చూ అదే. కోటి ఎక్కడ తేడా వచ్చింది? కింద వేసిన అంకెలో. భాగహారంలో దేనితో భాగించారు అన్నదే మొత్తం తగాదా. అందుకని పంపకం మాట్లాడేటప్పుడు శాతం అడగొద్దు. ఏ అంకెతో భాగించారో అడగాలి.

ఇంకో చిక్కు. మొదట వచ్చిన వెంచర్‌తో మొత్తం జంక్షన్ కట్టించుకుంటే, మరుసటేడు పక్కన దిగేవాడు ఉచితంగా వాడుకుంటాడు. బావి తవ్వినవాడొకడు, తోడుకునేవాళ్ళు పదిమంది. దీనికి విరుగుడు ఒప్పందంలోనే రాసుకోవాలి. తరవాత వచ్చేవాళ్ళ దగ్గర వాటా వసూలు చేసి మొదటివాడికి తిరిగి ఇస్తామని, ఫలానా సంవత్సరం దాకా అని. గడువు లేకుండా రాస్తే ఎవరూ పట్టించుకోరు.

మన దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన భవన నిబంధనలు, అందరూ జీవో 168 అంటారే, తెలంగాణలో ఇంకా నడుస్తున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వాటి స్థానంలో వేరేవి వచ్చాయి. ఆ జీవో 168లో ఎత్తయిన భవనాల మీద నగరస్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుము ఉంది. ఆ డబ్బు విడిగా ఎస్క్రో ఖాతాలో, అంటే చెప్పిన పనికి తప్ప వాడకూడని ఖాతాలో వెయ్యాలి, అందులో సగం అదే ప్రాంతంలో వసతులకి ఖర్చుపెట్టాలి అని రాసి ఉంది. గమనించారా? “సంబంధం ఉందా” అన్న ప్రశ్నకి మన జీవోలోనే ఒక జవాబుంది. మీ వార్డులో వసూలైంది ఎంత, మీ వార్డు రోడ్డుకి వచ్చింది ఎంత అని సమాచార హక్కు కింద అడగడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

లేఅవుట్ల విషయంలో పూచీకత్తు మాట కూడా చెప్పాలి. పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు అధికారుల పేర తనఖా ఉంటాయి. మంచి పద్ధతే. కానీ ఆ తనఖా దేనికి? లోపలి రోడ్లు, కాలువలు, కరెంటు. హైవే ముందు వేసే వరస, తూము ఆ పనుల జాబితాలో రాయకపోతే, లోపలంతా పూర్తిచేసి తనఖా విడిపించుకోవచ్చు. బయట మొరం దారి అలాగే ఉండిపోతుంది. కాబట్టి పంచాయతీ సర్పంచులు, కమిషనర్లు ఎవరైనా వింటూంటే ఒక్క మాట. ఆ జాబితాలో హైవే దారిని కూడా చేర్చించండి.

చేర్చించేటప్పుడే నిర్వహణ సంగతి కూడా తేల్చండి. ఇంగ్లండులో 1980 హైవేల చట్టం 278వ సెక్షన్ కింద ఇలాంటి పనులకి ఒప్పందం చేసుకుంటారు. పని ఖర్చుతో పాటు, ముందు ముందు దాన్ని చూసుకోవడానికయ్యే సొమ్ము కూడా చాలా చోట్ల ఒకేసారి కట్టించుకుంటారు. మన దగ్గర దీపాలు వెంచర్‌వాళ్ళు పెడతారు, రిబ్బను కోస్తారు, నెలనెలా కరెంటు బిల్లు పంచాయతీకి వస్తుంది. కట్టలేక ఆర్పేస్తారు.

ఇక ప్లాటు కొనేవాళ్ళ కోసం. హైవే బిట్టు అని చెప్పినవాళ్ళని ప్రవేశ అనుమతి కాగితం అడగండి. అప్లై చేశామండీ, వచ్చేస్తుంది అంటే అది రానట్టే లెక్క. కాగితంతో పాటు ఆమోదించిన డ్రాయింగు అడగండి. అందులో బాణం గుర్తులు చూడండి. మామూలుగా ఎడమ నుంచి లోపలికి, ఎడమకే బయటికి అని ఉంటుంది. ప్రైవేటు వెంచర్ కోసం డివైడరు తెరవరు. డివైడరు పగలగొట్టి దారి చేసి ఉంటే అది రేపో మాపో మూసేస్తారనుకోండి. అనుమతిలో ఇంకో షరతు కూడా చదవండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దారిని సొంత ఖర్చుతో జరుపుకోవాలి, పరిహారం ఉండదు. అప్పటికి వెంచర్‌వాళ్ళు అన్నీ అమ్మేసుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఆ ఖర్చు ప్లాట్లవాళ్ళ సంఘం మీద పడుతుంది.

తరవాత ఒకరోజు బండి తీసుకుని వెళ్ళండి. ప్లాటు గేటు దగ్గర మీటరు చూసుకుని, ఎడమకి తిరిగి, తరవాతి యూ-టర్న్ దాకా పోయి, వెనక్కి తిరిగి మళ్ళీ గేటు ఎదురుగా వచ్చేసరికి ఎన్ని కిలోమీటర్లయిందో చూడండి. నాలుగైదు కిలోమీటర్లు వచ్చిందంటే, ఆ వెంచర్‌లో ఉండబోయే సగంమంది రాంగ్ రూట్‌లో వస్తారని అర్థం. మీ పిల్లలు స్కూలుకి వెళ్ళే ఆటో కూడా.