కశ్మీర్ మంచులో స్పోర్ట్స్ కారు: తిరిగొచ్చాక జడ్చర్ల షెడ్డులో బయటపడ్డ సంగతులు

నమస్కారం అండీ. ముందు ఈ క్లిప్ చూడండి. స్టీరింగ్ మీద నా చేతులు కనిపిస్తున్నాయి కదా, వాటిని నేను ఊపడం లేదు. బండే ఊపుతోంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం లోపు ఏమీ ఉండదు. 85 దాటగానే మొదలవుతుంది. 100 దగ్గరికొస్తే సీటు కూడా వణుకుతుంది. కశ్మీర్ నుంచి తిరిగొస్తూ, నాగపూర్ దాటాక తీసిన క్లిప్ ఇది.

ఇప్పుడు నేనున్నది జడ్చర్లలో, మా మెకానిక్ అన్న షెడ్డులో. బండి లిఫ్టు మీద ఉంది, నాలుగు చక్రాలూ విప్పి పక్కన పెట్టాం. రెండు డోర్ల బండి. ముందు ఇంజిను, వెనక చక్రాలకు పవరు, మాన్యువల్ గేర్లు. నేలకూ బండి పొట్టకూ మధ్య 125 మిల్లీమీటర్ల సందు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు, లోగో మీద టేపు కూడా వేశాను. ఈరోజు మీకు చూపించే రిపేర్లలో కంపెనీ తప్పు ఒక్కటి కూడా లేదు. పేరు చెప్తే మాత్రం "ఆ బండి మంచులో పనికిరాదంట" అనే మాట ఒక్కటే ఊళ్లు తిరుగుతుంది.

అసలు అంత దూరం ఎందుకు వెళ్లానో రెండు ముక్కల్లో చెప్తాను. మా ఇల్లు హైవేకి దగ్గర. నా చిన్నప్పుడు ఇది 7వ నంబరు హైవే, వారణాసి నుంచి కన్యాకుమారి వరకు. మా నాయిన దీని మీదే లారీ నడిపాడు. తర్వాత నంబర్లు మార్చారు, ఇప్పుడిది 44. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది, మొత్తం 3,700 కిలోమీటర్ల పైమాటే. అంటే మా జడ్చర్లలో రోడ్డెక్కి ఉత్తరానికి తిరిగితే, అదే రోడ్డు మంచు దాకా తీసుకెళ్తుంది. ఈ ఆలోచన ఎన్నేళ్లుగానో నాలో ఉంది. జనవరిలో బయల్దేరాను.

జమ్మూ దాకా చెప్పడానికి ఏమీ లేదు, బండి గుర్రంలా పరిగెత్తింది. అక్కడి నుంచి ఘాట్లు. చెనాని నుంచి నాశ్రీ దాకా 9 కిలోమీటర్ల సొరంగం, ఆ తర్వాత బనిహాల్ నుంచి కాజీగుండ్ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం. ఈ రెండోది 2021లో తెరిచారు. బనిహాల్ వైపు లోపలికి వెళ్లేటప్పుడు రోడ్డు నల్లగానే ఉంది. అవతల కాజీగుండ్ వైపు బయటికొచ్చేసరికి రోడ్డు, చెట్లు, ఇళ్ల కప్పులు అన్నీ తెలుపే. నోట మాట రాలేదు. పక్కన ఆపుకుని కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

అక్కడి వాళ్లు డిసెంబర్ 21 నుంచి 40 రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. ఏడాది మొత్తంలో గట్టి చలి అదే. నేను సరిగ్గా దాని మధ్యలో వెళ్లాను.

మంచు మీద ఈ బండి ఎలా నడిచిందంటే, మొదటి గేరులో క్లచ్ వదలగానే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి, వెనక భాగం పక్కకి జరిగింది. రెండో గేరులో, యాక్సిలరేటర్ దాదాపు ముట్టుకోకుండా వదిలితే కదిలింది. దీనికి కారణం పవరు కన్నా టైర్లే. ఇలాంటి బండ్లకి వచ్చేవి సమ్మర్ టైర్లు, వెడల్పాటివి. ఈ రబ్బరు మన ఎండకి తారు రోడ్డును బంకలా పట్టుకుంటుంది. 7 డిగ్రీల కిందికి పోయే కొద్దీ గట్టిపడి పట్టు వదిలేస్తుంది. పైగా వెడల్పు ఎక్కువ కాబట్టి మంచులోకి దిగకుండా దాని మీద తేలుతుంది. చెయిన్లు కడదామంటే టైరుకీ ఫెండరుకీ మధ్య అంత సందు లేదు. మాన్యువల్లోనే కట్టొద్దని రాసి ఉంది.

గుల్‌మర్గ్‌కి 13 కిలోమీటర్ల ముందు తంగ్‌మర్గ్ అనే ఊరుంది. మంచు బాగా పడ్డ రోజుల్లో ఫోర్ బై ఫోర్ బండ్లనూ, అంటే నాలుగు చక్రాలకీ పవరు వెళ్లేవాటినీ, చెయిన్లు కట్టిన బండ్లనూ మాత్రమే అక్కడి నుంచి పైకి వదులుతారు. పోలీసాయన నా బండిని, టైర్లను ఒక్కసారి చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను వాదించలేదు. బండి కిందే పెట్టి, చెయిన్లు కట్టిన లోకల్ జీపులో పైకి వెళ్లాను. ఆ ట్రిప్పులో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదొక్కటే అనిపిస్తుంది ఇప్పుడు.

ఇక దగ్గరికి రండి. కెమెరా ఈ ముందు ఎడమ చక్రం మీద పెడతాను. రిమ్ము లోపలి వైపు చూడండి. బూడిద రంగులో వరసగా అంటించిన ముక్కలు కనిపిస్తున్నాయా? వీల్ బ్యాలెన్సింగ్ వెయిట్లు, అంటే చక్రం బరువు అన్ని వైపులా సమానం చేయడానికి అంటించే ముక్కలు. ఒక్కో ముక్క 5 గ్రాములు. లెక్కపెడతాను, నాతో పాటు లెక్కపెట్టండి. ఇక్కడిదాకా పది. ఇటు ఇంకో తొమ్మిది. మొత్తం 19 ముక్కలు, 95 గ్రాములు. వంకర లేని రిమ్ముకి మామూలుగా ఇందులో మూడో వంతు కూడా పట్టదు. అన్న దీన్ని చూడగానే అడిగిన మాట, "తమ్మీ, ఇన్ని ముక్కలు ఎవరు అంటించిండ్రు? రిమ్ము కడిగిండ్రా, కడగలేదా?"

కడగలేదు. అక్కడే ఉంది కిటుకంతా.

జరిగింది ఇదీ. శ్రీనగర్‌లో తిరిగిన రెండు రోజులూ రోడ్డు మీద కరిగిన మంచు, బురద కలిసిన చిత్తడే. చక్రం తిరుగుతుంటే ఆ చిత్తడి రిమ్ము లోపలికి ఎక్కుతుంది. రాత్రి బండి ఆపాక కిందికి జారి ఒకే వైపు చేరి, అక్కడే రాయిలా గడ్డకడుతుంది. పొద్దున్న బయల్దేరితే చక్రం ఒక పక్క బరువు. తిరుగు ప్రయాణం రోజు స్టీరింగ్ వణకడం మొదలైంది అందుకే. మళ్లీ మంచు పడితే హైవే మూసేస్తారని టెన్షన్. దారిలో కనిపించిన టైరు షాపులో ఆపి బ్యాలెన్సింగ్ చేయమన్నాను. వాళ్లు గడ్డకట్టిన బురదతో సహా చక్రాన్ని మిషన్ మీద ఎక్కించారు. మిషన్‌కి ఏం తెలుస్తుంది? బురద బరువుకి సరిపడా ఎదురుగా వెయిట్లు అడిగింది, వాళ్లు అంటించారు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. "ముందు కడగండి" అనలేదు, ఆ తప్పు నాది కూడా.

వణుకు పోయింది. నేను సంతోషించాను. పంజాబ్ దాటేసరికి ఐసు కరిగింది, బురద ఎండింది. కిందికొచ్చే కొద్దీ పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. నాగపూర్ ఎండకి బురద మొత్తం పోయింది, 95 గ్రాముల వెయిట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మొదట వణుకు తెచ్చింది బురద, తర్వాత తెచ్చింది దాన్ని సరిచేయడానికి పెట్టిన మందు.

95 గ్రాములేగా అనుకోకండి. 100 వేగంలో ఈ సైజు చక్రం సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. అంచు దగ్గర ఉన్న ఆ 95 గ్రాములు తిరిగిన ప్రతిసారీ దాదాపు 15 కిలోల బలంతో హబ్బును, అంటే చక్రం బిగించే నడిమి భాగాన్ని, బయటికి గుంజుతాయి. సెకనుకు 13 సార్లు, గంటల తరబడి. హైదరాబాద్‌లో ఒక చోట చూపిస్తే హబ్ బేరింగులు పోయాయి, ముందు రిమ్ములు రెండూ వంకర పోయాయి, 38 వేలు అవుతుందన్నారు. అన్న ఏం చేశాడంటే, వెయిట్లన్నీ పీకాడు, రిమ్ములు కడిగాడు, బేరింగు చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాడు. రిమ్మును మిషన్ మీద ఖాళీగా తిప్పి వంకర చూశాడు, లేదు. మళ్లీ బ్యాలెన్సింగ్ చేస్తే ఈ చక్రానికి పట్టింది 20 గ్రాములు. నాలుగు చక్రాలకి కలిపి 1,200 రూపాయలు.

రెండోది బ్రేకు. మెల్లగా వెళ్తున్నప్పుడు వెనక నుంచి కర్రుమని చప్పుడు వచ్చేది. ఇదిగో, వెనక కుడి చక్రం బ్రేక్ ప్యాడ్. ఈ మూల చూడండి, బిస్కెట్ కొరికినట్టు ఒక ముక్క లేచిపోయింది. శ్రీనగర్ చేరిన రాత్రి బండి ఆపి, అలవాటుగా హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాను. తడిసిన ప్యాడ్ డిస్కుని పట్టుకుని అలాగే గడ్డకట్టింది. పొద్దున్న బండి కదల్లేదు. బలవంతంగా యాక్సిలరేటర్ ఇచ్చాను. టప్‌మని శబ్దం వచ్చి కదిలింది. ఐసు పగిలిందనుకున్నాను, పగిలింది ఇది. ఆ సాయంత్రం హోటల్ వాచ్‌మన్ చెప్పాడు, అక్కడెవరూ రాత్రి హ్యాండ్‌బ్రేక్ లాగరట. చదును చోట ఆపి, గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెడతారు. ఒకవేళ పట్టేస్తే ఇంజిన్ వేడెక్కాక ముందుకీ వెనక్కీ మెల్లగా కదపాలి. ప్యాడ్లు మార్చేశాం.

ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు కూడా వెలిగింది, దాని గురించి ఎక్కువ చెప్పను. చక్రం దగ్గర సెన్సార్ మీద బురద పేరుకుంది, తుడిస్తే లైటు ఆరిపోయింది. అదే హైదరాబాద్ షాపు కొత్త సెన్సార్‌కి 9 వేలు చెప్పింది. ఇంజిన్ కింద ప్లాస్టిక్ షీటు కూడా చిరిగింది. 15 సెంటీమీటర్ల మంచులోకి 125 మిల్లీమీటర్ల బండిని దింపితే పొట్టే దున్నుతుంది కదా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఈ బాటిల్. శ్రీనగర్‌లో రేడియేటర్ నుంచి దింపిన నీళ్లు ఇవి, కావాలనే పట్టి తెచ్చాను. అడుగున తెల్లటి పొడి చూడండి. మన బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నెలో పేరుకుంటుందే, అదే. రేడియేటర్ నీళ్లలో కలిపే రంగు ద్రవం ఉంటుంది కదా, కూలెంట్, దాని రంగు ఉందా లేదా అన్నట్టుంది.

హ్యాండ్‌బ్రేక్ గొడవ అయిన ఆ పొద్దున్నే ఇంకో వింత జరిగింది. బయట సున్నా కన్నా ఐదు డిగ్రీలు తక్కువ. పది నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తోంది, లోపల హీటర్ నుంచి మాత్రం చల్లగాలి వస్తోంది. ఒళ్లు గడ్డకట్టే చలిలో ఇంజిన్ వేడెక్కడమేమిటని నాకు అర్థం కాలేదు. వెంటనే ఆపేశాను. రేడియేటర్‌లో నీళ్లు సగం గడ్డకట్టి, ఐస్‌గోలా పొడిలా అయిపోయాయి. ఇక అవి తిరగవు, ఇంజిన్ వేడి బయటికి పోదు.

ఇప్పుడు ఈ నీళ్లు ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేస్తున్నాను, ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడతాయో చూపించే పరికరం ఇది. కెమెరా ఇక్కడ పెట్టి చూడండి. నీలం గీత -3 దగ్గర ఆగింది. అంటే కూలెంట్ పదో వంతు కూడా లేదు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ ఉంటే -37 దాకా గడ్డకట్టదు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ఆ ఒత్తిడికి ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. అందుకే ఇక్కడికి రాగానే ఎక్కడైనా పగిలి కారుతోందా అని ప్రెషర్ టెస్ట్ చేయించాను, ప్రెషర్ దిగలేదు. ఇంజిన్ ఆయిల్ గేజీ తీసి చూశాం. నీళ్లు కలిస్తే ఆయిల్ మజ్జిగ రంగుకి వస్తుంది. రాలేదు. దేవుడు మేలు చేశాడు.

ఆ నీళ్లు పోసింది మా నాయిన. పోయిన ఏడాది మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, బండి మీద ప్రేమతో పోశాడు. లారీ రోజుల్లో ప్రతి బావి దగ్గరా ఆపి రేడియేటర్ నింపిన మనిషి. "ఎండలకు బండి దూప గొంటది" అంటాడు. ఆయన్ని ఏమీ అనలేను. పాలమూరులో నీళ్లు గడ్డకడతాయని ఎవరనుకుంటారు? మన దగ్గర చాలా షెడ్లలో ఇప్పటికీ జరిగేది ఇదే. కానీ మంచుకి వెళ్లని వాళ్లకి కూడా ఒక మాట. కూలెంట్ సరిపడా ఉంటే నీళ్ల కన్నా ఎక్కువ వేడికి గానీ మరగదు, లోపల తుప్పు పట్టనివ్వదు. మన మే నెలకి కూడా అదే కావాలి. బోరు నీళ్లు మాత్రం పొయ్యకండి. సిస్టమ్ మొత్తం ఫ్లష్ చేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాం. ఇప్పుడు చుక్క వేస్తే గీత -36 దగ్గరుంది.

ఈ బండితో మంచుకి వెళ్లొచ్చా అని అడిగితే, వింటర్ టైర్లు వేయకుండా వెళ్లకండి అంటాను. శ్రీనగర్ దాకా వెళ్లండి, తంగ్‌మర్గ్‌లో వాళ్లు ఆపితే ఆగండి. బయల్దేరే ముందు కూలెంట్ చుక్క వేయించి చూసుకోండి. తిరిగొచ్చాక ఎవరి చేతికి ఇచ్చినా సరే, ముందు రిమ్ముల లోపల, బండి కింద ప్రెషర్ వాటర్‌తో కడిగించండి. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగితే ఇంకా తొందరగా కడిగించండి, ఇనుమును తినేస్తుంది. మిషన్లు, స్కానర్లు ఆ తర్వాతే.

చక్రాలు బిగించాం. భూత్‌పూర్ దాటి అడ్డాకుల వైపు వెళ్తున్నాం. నడుపుతున్నది నాయిన, నేను పక్క సీట్లో కెమెరా పట్టుకున్నాను. 80. 90. ఇదిగో 100. స్టీరింగ్ మీద ఆయన చేతులు చూడండి.

"ఎట్లుంది నాయినా?"

"నీళ్ల గిలాస పెట్టినా తొణకదు. ఆ కూలెంట్ డబ్బా ఇంకొకటి తెచ్చి పెట్టు, ఇంట్ల ఉండాలె."