రొయ్య ముల్లని చెప్పండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పదకొండుమంది పెద్దలున్నారు, పేరుపేరునా చెప్పమని నాకో చీటీ ఇచ్చారు. ఆ చీటీ జేబులోనే ఉంచుతాను, పెద్దలు క్షమించాలి. ఈరోజు నవంబరు 21, ప్రపంచ మత్స్య దినోత్సవం కాబట్టి సముద్రంలో ఉండే బ్యాక్టీరియా గురించి మాట్లాడమన్నారు. 32 స్లైడ్లు చేసుకొచ్చాను. ఎన్ని చూపిస్తానో చూద్దాం.

మొదటి స్లైడు. ఇది చెంచాడు సముద్రపు నీరు. ఇందులో సుమారు 50 లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. భయపడకండి, వాటిలో చాలావాటికి మన జోలి అక్కర్లేదు. చచ్చినదాన్ని కుళ్ళబెట్టి మళ్ళీ మేతగా మార్చడమే వాటి పని. హవాయి దీవుల దగ్గర బొటనవేలంత స్క్విడ్ ఒకటుంది. అది పొట్టకింద ఒక అరలో విబ్రియో జాతి బ్యాక్టీరియాని పెంచుకుంటుంది. రాత్రి అవి వెలుగుతుంటే, కిందనుంచి చూసే వేటచేపకి వెన్నెల్లో స్క్విడ్ నీడ కనపడదు. తెల్లారేసరికి వాటిలో తొంభై శాతం దాకా బయటికి నెట్టేస్తుంది. మిగిలినవి సాయంత్రానికి మళ్ళీ నిండుతాయి. ఒకటీ అరా ఉన్నప్పుడు అవి వెలగవండి. ఒక్కోటీ నీళ్ళలోకి కాస్త రసాయనం వదులుతుంది, అది చిక్కబడితే గుంపు కూడిందని వాటికి తెలుస్తుంది. అప్పుడు అన్నీ ఒక్కసారే వెలుగుతాయి.

వెలుగంటే గుర్తొచ్చింది. 1993లో మా బావా నేనూ మొగల్తూరు దగ్గర నాలుగెకరాలు లీజుకి తీసుకుని టైగర్ రొయ్య వేశాం. ఒక అమావాస్య రాత్రి, రొయ్య మేత తిందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగుతుంటే తాడు పొడవునా నీళ్ళు వెలిగాయి. చెయ్యి పెట్టి కలిపితే వేళ్ళ చుట్టూ నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు. "బామ్మర్దీ, లక్ష్మీదేవి వచ్చిందిరా!" అని బావ గట్టుమీద కొబ్బరికాయ కొట్టాడు. నాలుగో రోజుకి రొయ్యలు గట్టువారకి వచ్చి తేలిపోయాయి. ఆ వచ్చింది విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా. రొయ్య ఒంట్లో నిండి, రొయ్యే చీకట్లో మెరుస్తుంది.

నేనేమో జువాలజీ మేష్టార్ని. కప్ప గుండెకి మూడు గదులని అప్పటికి పదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. పంటచేలు చెరువులవుతున్న ఊళ్ళో కూర్చుని, రొయ్యకి వచ్చే జబ్బు ఒక్కటి కూడా తెలియదు! సిలబస్‌లో లేదు మరి. ఆ మరుసటేడు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి కోస్తాని ఊడ్చింది. అది వైరస్, దాని సంగతి వేరు.

అప్పుడు మేమేం చేశామంటే, పేరు లేని ప్యాకెట్ ఒకటి కొని మేతలో కలిపాం. ఏమిటయ్యా ఇది అంటే "జపాన్ మందండి" అన్నాడు అమ్మినాయన. ఇప్పటికీ అలాంటి ప్యాకెట్లు తిరుగుతూనే ఉన్నాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు రొయ్యలకి వాడటం నిషేధం అని ఈ హాల్లో తెలియనివాళ్ళు లేరు. ఆనవాలు తగిలితే చాలు, విదేశాల్లో కంటైనర్లు వెనక్కి తిప్పుతారు. అయినా కలిపేవాళ్ళు కలుపుతున్నారు. ముందు వరసలో ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు.

జపాన్ అన్నాను కాబట్టి రెండో స్లైడు. 1950లో ఒసాకాలో సగం ఎండబెట్టిన చిన్నచేప పిల్లల్ని తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. ఫుజినో అనే శాస్త్రవేత్త పట్టుకున్న ఆ బ్యాక్టీరియాకే తర్వాత విబ్రియో పారాహీమోలిటికస్ అని పేరు వచ్చింది. మళ్ళీ 2013లో, చైనా, థాయ్‌లాండ్ చెరువుల్లో సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వేసిన నెలకే చంపుతున్న ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) అనే జబ్బుకి కారణం వెతికితే, అరిజోనా యూనివర్సిటీలో లైట్నర్ బృందానికి దొరికిందీ ఇదే. కాకపోతే దీనికి విషం తయారుచేసే చిన్న డీఎన్‌ఏ చుట్ట ఒకటి తోడైంది. రొయ్య లివర్ పాలిపోయి కుంచించుకుపోతుంది. రొయ్యని చంపే విషం వేరు, మనిషిని పడగొట్టే విషం వేరు. బాగా ఉడికించుకుని తినండి, బెంగ లేదు.

చెరువు నీళ్ళు ల్యాబ్‌లో పరీక్ష చేయించి, "గ్రీన్ కాలనీలు వచ్చాయి మేష్టారూ" అని టెన్షన్‌తో ఫోన్లు చేస్తుంటారు. కాలనీ అంటే ప్లేటు మీద చుక్కలా పెరిగిన బ్యాక్టీరియా గుంపు. ల్యాబ్ ప్లేటులో పంచదార ఉంటుందండి. దాన్ని తినే విబ్రియో పసుపుగా, తినలేనిది ఆకుపచ్చగా కనపడుతుంది, అంతే. కలరా బ్యాక్టీరియా కూడా పసుపే! గ్రీన్ చూసి చెరువంతా బ్లీచింగ్ కొట్టేస్తే మంచివీ చెడ్డవీ అన్నీ పోతాయి. ఖాళీ అయిన ఊళ్ళోకి ముందు దూరేది ఎవరు? పారాహీమోలిటికస్‌కి అన్నీ కుదిరితే పది నిమిషాలకి ఒకటి రెండవుతుంది. రెండు గంటల్లో ఒక్కటే నాలుగు వేలు దాటుతుంది.

మిగతా స్లైడ్లు వదిలేస్తున్నాను. నేను వచ్చింది ఈ మాట కోసం.

2014లో వనామీ రకం రొయ్యల పట్టుబడి. బావకి కుడిచేతి ఉంగరం వేలికి రొయ్య తలమీది ముల్లు గుచ్చుకుంది. ఆయనకి సుగరు. పసుపు అద్దుకుని రాత్రంతా రొయ్యలకి ఐసు వేయించాడు. తెల్లారేసరికి చెయ్యి మోచేతిదాకా వాచి, వేళ్ళమీద నల్లటి నీటి బొబ్బలు. హాస్పిటల్‌లో డాక్టరుగారు ఏమైందన్నారు. "ముల్లు గుచ్చుకుందండి" అన్నాడు బావ. ఆయన తుమ్మముల్లనుకున్నారు, ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. అప్పుడు నేను ఎక్కడున్నానంటారా? బయట వరండాలో ఫోన్లో, ముప్ఫై కౌంటు, అంటే కిలోకి ముప్ఫై తూగే రొయ్య రేటు మాట్లాడుతున్నాను. గాయంలోంచి ఒంట్లోకి దూరే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా గురించి నాకప్పటికి తెలుసు. పిల్లలకి పాఠం కూడా చెప్పాను. లోపలికెళ్ళి "రొయ్య ముల్లండీ, ఉప్పునీళ్ళండీ" అని రెండు ముక్కలు అనలేదు. మర్నాడు పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చీము పరీక్ష రిపోర్టులో ఆ పేరే ఉంది.

దానికి సముద్రమంత ఉప్పక్కర్లేదు, మన చెరువుల్లాంటి వెచ్చటి చప్పటి ఉప్పునీరే ఇష్టం. సుగరున్నవాళ్ళకీ, తాగి లివర్ పాడైనవాళ్ళకీ మరీ ప్రమాదం. సోకినవాళ్ళలో అయిదుగురికి ఒకరు పోతారు, కొందరైతే ఒకటి రెండు రోజుల్లోనే. దీనికి పనిచేసే మందులున్నాయి, కానీ అవి గంటల్లో పడాలి. అవి పడాలంటే డాక్టరుగారికి దాని మీద అనుమానం రావాలి. మనం చెప్పకపోతే ఎలా వస్తుంది? షెడ్లలో తలలు తీసే ఆడవాళ్ళూ, వల లాగే కుర్రాళ్ళూ, మీ అందరికీ దణ్ణం పెట్టి అడుగుతున్నాను. ఉత్త ముల్లనకండి. రొయ్య ముల్లని చెప్పండి, ఉప్పునీళ్ళలో దిగానని చెప్పండి.

ఏదీ, చేతిమీద గాయమున్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. ఇంతమందా! బాబూ, స్తంభం పక్కన, చేతికి తువ్వాలు చుట్టుకున్న నిన్నే. ఎప్పుడు గుచ్చుకుంది? రాత్రా? భోజనం తర్వాత చేద్దువుగాని, ముందిలా రా, ఆ తువ్వాలు విప్పు.