అపు గొంతు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం. ‘ద సింప్సన్స్’ అనే అమెరికా కార్టూన్‌లోని అపు అనే భారతీయ పాత్ర గురించి ఈ పూట మాటలు. ముందు ఒక లెక్కతో మొదలుపెడదాం.

దగ్గర్లో పెన్నూ కాగితం ఉంటే ఒక లెక్క రాసుకోండి. 1782 ని పన్నెండుసార్లు వేసి హెచ్చవేయండి. 1841 ని కూడా అలాగే. వచ్చిన రెండింటినీ కూడితే, 1922 ని పన్నెండుసార్లు వేసి హెచ్చవేసినంత వస్తుందట. 1995 లో అమెరికాలో వచ్చిన ‘ద సింప్సన్స్’ కార్టూన్ ఎపిసోడ్‌లో, హోమర్ సింప్సన్ అనే బొజ్జాయన వెనకాల ఈ లెక్క గాల్లో తేలుతూ పోతుంది. కాసేపే. పది అంకెల కాలిక్యులేటర్ మీద చేసి చూస్తే నిజమేనని చూపిస్తుంది. గణితం చదివినవాళ్ళు మాత్రం ఉలిక్కిపడతారు. ఇలాంటి లెక్క కుదరనే కుదరదని ఫెర్మా అనే ఫ్రెంచి పండితుడు పదిహేడో శతాబ్దంలోనే అన్నాడు. ఆండ్రూ వైల్స్ దాన్ని రుజువు చేసిన వ్యాసం అచ్చయిందీ ఆ 1995 లోనే.

అసలు కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 1782 సరిసంఖ్య, ఎన్నిసార్లు హెచ్చవేసినా సరిసంఖ్యే వస్తుంది. 1841 బేసి, దాన్నెన్నిసార్లు హెచ్చవేసినా బేసే. సరీ బేసీ కలిస్తే బేసి. 1922 చూస్తే సరి. దొంగ దొరికిపోయాడు. ఆ భాగం రాసిన డేవిడ్ కోహెన్ హార్వర్డ్‌లో ఫిజిక్స్, బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ చదివిన మనిషి. కాలిక్యులేటర్‌ని బోల్తా కొట్టించే అంకెల కోసం ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాడు. కాసేపు కనిపించి పోయే జోకు కోసం ఇంత శ్రమ!

ఇలాంటివాళ్ళు రాసిన కార్టూన్‌ని ప్రొఫెసర్లు వదులుతారా? సింప్సన్స్ కుటుంబం 1987 లో ఒక హాస్య కార్యక్రమం మధ్యలో చిన్న చిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరు నుంచి అరగంట సీరియల్ అయింది. 1992 లో పెద్ద బుష్ దేశాధ్యక్షుడి హోదాలో, మన కుటుంబాలు ఈ సింప్సన్స్‌లా ఉండకూడదని ప్రసంగంలో చెప్పాడు. కొద్దిరోజులకే ఆ కార్టూన్‌లోని పిల్లాడు ఆయనకి తిరిగి చురక అంటించాడు. హోమర్ నాలిక కరుచుకున్నప్పుడల్లా అనే ‘డో!’ 2001 లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది. పుస్తకాలకైతే లెక్కే లేదు.

వాటిలో నాకు బాగా నచ్చింది జొనాథన్ గ్రే అనే మీడియా పండితుడు 2006 లో తెచ్చిన అధ్యయనం. ఆయన కార్టూన్ ఒక్కటే చూసి ఊరుకోలేదు, చూసేవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆయన వాదన ఇది: పేరడీ మనకి తెలిసిన అసలుని గుర్తుచేస్తూ దాన్ని కొత్తగా చూపిస్తుంది. సింప్సన్స్‌లో ఉత్తుత్తి ప్రకటన చూసి నవ్వినవాడు, మరుసటి పూట అసలు ప్రకటనని మునుపటిలా నమ్మలేడు. తెలుగువాళ్ళకి ఇదేమీ కొత్త సంగతి కాదు. జరుక్ శాస్త్రి గారి పేరడీలు చదివి, ఆ తర్వాత మూల గేయాన్ని గంభీరంగా మొహం పెట్టుకుని చదవలేకపోయినవాళ్ళు మనలో లేరా?

అయితే అసలన్నదేదో తెలియని చోట పేరడీ ఏం చేస్తుంది?

1990 లో ఆ కార్టూన్‌లోకి అపు అనే భారతీయుడు, కిరాణా కొట్టు ఆయన వచ్చాడు. పేరు సత్యజిత్ రాయ్ సినిమాల్లోంచి తీసుకున్నారు. ఇంటిపేరు నహసపీమపెటిలాన్. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా గాలించినా ఆ ఇంటిపేరువాళ్ళు మనకి తగలరు. గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. ‘థాంక్యూ, కమ్ అగైన్’ అని ఆయన సాగదీసి పలికే యాస అమెరికా అంతా పాకింది. స్కూల్లో తోటిపిల్లలు ఆ యాసతోనే భారతీయుల పిల్లల్ని ఏడిపించేవాళ్ళు.

అలా పెరిగిన పిల్లల్లో ఒకడు హరి కొండబోలు. న్యూయార్క్‌లో పుట్టిన తెలుగువారబ్బాయి, స్టాండప్ కమెడియన్. సింప్సన్స్ అంటే అతనికి ప్రాణం, ఆ మాట అతనే చెప్పాడు. 2012 లో ఒక టీవీ కార్యక్రమంలో అజారియా గురించి అతనన్నది ఇది: మా నాన్నని వెక్కిరించే తెల్లాయన్ని అనుకరిస్తున్న ఇంకో తెల్లాయన. 2017 లో దీని మీదే ఒక డాక్యుమెంటరీ తీశాడు.

‘మేం అందరినీ వెక్కిరిస్తాం, పోలీసునీ, పాస్టర్నీ, డాక్టర్నీ’ అని కార్టూన్‌ని వెనకేసుకొచ్చేవాళ్ళ జవాబు ఒకటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ హోమర్‌ని చూసి నవ్విన అమెరికన్‌కి అలాంటి తండ్రులు వేరే చానళ్ళలో వందమంది ఉన్నారు, తన ఇంట్లోనూ ఒకడున్నాడు. అపుని చూసి నవ్వినవాడికి పోల్చుకోవడానికి చాలాకాలం ఇంకొకరు లేరు. అపు యాసే భారతీయుల యాస అనుకున్నాడు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. కాలిక్యులేటర్‌కి అందని అంకె దాకా ఆలోచించిన రచయితల గది, ఈ మనిషి ఏ ఊరివాడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు అని ఒక్క పూట తనని తాను ప్రశ్నించుకోలేకపోయిందా? ఏ వివరం సరిచూసుకున్నారు, ఏది సరిచూసుకోనక్కర్లేదనుకున్నారు? కార్టూన్ మీద పరిశోధన అంటే నాకు ఈ వెతుకులాటే.

2018 ఏప్రిల్‌లో కార్టూన్ నుంచి జవాబు వచ్చింది. ఒకప్పుడు చప్పట్లు కొట్టిందే ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడి, లీసా అనే ఆ ఇంటి తెలివైన పిల్ల మంచం పక్కనున్న అపు ఫొటో వైపు చూస్తుంది. ఎప్పుడూ న్యాయం వైపు నిలబడే పిల్ల నోట ఆ మాట పెట్టడం చాలామందికి కష్టంగా తోచింది, నాకూ తోచింది. 2020 లో అజారియా ఇక అపు గొంతు తాను ఇవ్వనన్నాడు. ఆ ఏడాదే, తెల్లవాళ్ళు కాని పాత్రలకి తెల్లవాళ్ళ చేత గొంతు ఇప్పించబోమని సింప్సన్స్ నిర్మాతలు ప్రకటించారు.

మిగతా పాత్రలు కొన్నింటికి కొత్త గొంతులు దొరికాయి. అపు ఇప్పటికీ గుంపులో అప్పుడప్పుడూ నిలబడి కనిపిస్తాడు. మాట్లాడడు.