నూటికి నూరుతో మొదలై పదో వంతులుగా తరిగే పరీక్ష: చైనా పీఎస్‌సీ ఎలా నడుస్తుంది?

[స్క్రీన్: నల్ల తెర. హెడ్‌సెట్ మైక్ దగ్గరి షాట్. కింద 83.3 అనే అంకె.]

వాయిస్: దక్షిణ చైనాలో ఒక టీచరమ్మని ఊహించుకోండి. పుట్టింది చైనాలోనే, చదివింది చైనీస్ మీడియంలోనే. మాట తడబడదు, స్వరాలు, అంటే ఒక్కో అక్షరం పలికేటప్పుడు గొంతు ఎక్కి దిగే తీరు, తప్పవు. పరీక్ష రాస్తే, సారీ, పరీక్ష పలికితే 83.3 వచ్చింది. ఈ మార్కులతో ఆవిడ లెక్కల టీచర్ కావచ్చు. చైనీస్ భాషా టీచర్ మాత్రం కాలేదు, దానికి 87 కావాలి. ఆవిడ చేసిన తప్పల్లా ఒక్కటే: ‘ష’ అనాల్సిన చోట ‘స’ అంటుంది. ఆ ఒక్క అలవాటు దాదాపు 17 మార్కులు ఎలా తినేసిందో ఈ వీడియోలో లెక్క వేసి చూద్దాం.

[స్క్రీన్: టైటిల్ కార్డ్. ‘పుతొంగ్‌హ్వా ష్వేపింగ్ త్సషి’]

వాయిస్: పీఎస్‌సీ అనగానే మనవాళ్లకి గ్రూప్ వన్, గ్రూప్ టూ గుర్తొస్తాయి. ఇది ఆ పీఎస్‌సీ కాదు. పుతొంగ్‌హ్వా అంటే చైనా ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన మాండరిన్. ‘ష్వేపింగ్ త్సషి’ అంటే స్థాయి పరీక్ష. ఈ మూడు మాటల ఇంగ్లిష్ మొదటి అక్షరాలే పీఎస్‌సీ. 1994లో మొదలైంది. 2001 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ భాషా లిపి చట్టం దీనికి బలం ఇచ్చింది. మాట్లాడటమే పనిగా ఉన్న ఉద్యోగాలవాళ్లు, అంటే అనౌన్సర్లు, యాంకర్లు, నటులు, టీచర్లు, ప్రభుత్వోద్యోగులు తమకు పెట్టిన స్థాయి అందుకోవాలని ఆ చట్టం చెబుతుంది. మన ఆకాశవాణిలో అనౌన్సర్లకు స్వర పరీక్ష ఉంటుంది కదా, దాన్ని బడిపంతుళ్ల దాకా, ఆఫీసుల దాకా సాగదీస్తే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది.

[స్క్రీన్: ఆరు మెట్లు, ఒక్కో మెట్టు మీద మార్కులు]

వాయిస్: మూడు స్థాయిలు, ఒక్కోదాంట్లో ఎ, బి అని రెండేసి మెట్లు. 97, ఆ పైన వస్తే 1ఎ. 92 నుంచి 1బి. 87 నుంచి 2ఎ, 80 నుంచి 2బి. 70కి 3ఎ, 60కి 3బి. అరవై కన్నా తక్కువైతే ఏ మెట్టూ లేదు.

జాతీయ, ప్రావిన్సు స్థాయి రేడియో, టీవీ అనౌన్సర్లకు 1ఎ కావాలి. సినిమా, నాటకాల నటులకు 1బి. టీచర్ అర్హతకు 2బి, చైనీస్ చెప్పే టీచర్లకు 2ఎ. ప్రభుత్వోద్యోగులకు 3ఎ చాలు. 1బి దాకా ప్రావిన్సు వాళ్లే ఖరారు చేస్తారు. 1ఎ మాత్రం జాతీయ కేంద్రం మళ్లీ విని ఒప్పుకుంటేనే ఇస్తారు.

[స్క్రీన్: నాలుగు గడుల పట్టిక]

వాయిస్: పరీక్షలో నాలుగు భాగాలు. రాత లేదు, వ్యాకరణం ప్రశ్నలు లేవు, అంతా నోటితోనే. మొదటిది వంద విడి అక్షరాలు, మూడున్నర నిమిషాలు, 10 మార్కులు. రెండోది జంట పదాలు, మొత్తం వంద అక్షరాలకు సరిపడా, రెండున్నర నిమిషాలు, 20 మార్కులు. మూడోది 400 అక్షరాల గద్యం, నాలుగు నిమిషాలు, 30 మార్కులు. నాలుగోది ఇచ్చిన అంశం మీద మూడు నిమిషాలు మాట్లాడటం, 40 మార్కులు. నిజానికి సరైన మాట ఎంచే భాగం ఇంకొకటి, 10 మార్కులది, నిబంధనల్లో ఉంది. దాన్ని వదిలేసే వీలు ప్రావిన్సులకు ఉంది. వదిలేస్తే ఆ పది మార్కులూ మాట్లాడే భాగంలో కలుస్తాయి. కంప్యూటర్ ముందు జరిగే పరీక్షల్లో మామూలుగా కనిపించేది ఈ నాలుగు భాగాల పద్ధతే.

ఇందులో మార్కులు సంపాదించడం అనేది లేదు. మీ దగ్గర వంద ఉన్నాయి, నోరు తెరిచిన ప్రతిసారీ కాస్త కాస్త పోతాయి. మొదటి భాగంలో తప్పు అక్షరానికి 0.1, పూర్తిగా తప్పు కాకుండా లోపంగా పలికితే 0.05. రెండో భాగంలో రెట్టింపు: 0.2, 0.1. మూడో భాగంలో తప్పు చదివినా, వదిలేసినా, లేనిది కలిపినా 0.1.

[స్క్రీన్: తెలుగు అక్షరాలు శ, ష, స. వాటి పక్కన నాలుక బొమ్మలు.]

వాయిస్: ఇప్పుడు ఆ టీచరమ్మ సంగతి. దీన్ని మన అక్షరాలతోనే అర్థం చేసుకోవచ్చు. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, ఎక్స్ అని రాసేది మన ‘శ’కి దగ్గర. ఎస్‌హెచ్ అని రాసేది ‘ష’, నాలుక కొన వెనక్కి మడవాలి. ఎస్ అంటే ‘స’. జెడ్ అని రాసేదాన్ని చాలామంది ‘జ’ అనుకుంటారు, కాదు. ‘చలి’, ‘చాప’ అన్నప్పుడు పళ్ల దగ్గర పుట్టే చ ఉంది చూడండి, అదీ జెడ్. ‘చెట్టు’లోని చ కాదు. ఆ చకే గాలి ఎక్కువగా వదిలితే సీ. అదే చని నాలుక వెనక్కి మడిచి పలికితే జెడ్‌హెచ్, దానికి గాలి జోడిస్తే సీహెచ్. ఈ చివరి రెండూ మనకు లేవు.

దక్షిణ చైనా మాండలికాలు చాలావాటిలో నాలుక మడిచే వరస మొత్తం లేదు. ష అంతా స అయిపోతుంది, జెడ్‌హెచ్ జెడ్‌గా, సీహెచ్ సీగా మారిపోతాయి. నాలుగుకి ‘సి’, పదికి ‘షి’ అనాలి. అక్కడ రెండూ ‘సి’ అయిపోయి, స్వరం ఒక్కటే తేడా చూపుతుంది. బజార్లో పద్నాలుగా నలభయ్యా అని మళ్లీ అడగాల్సి వస్తుంది.

[స్క్రీన్: లెక్క ఒక్కో వరుసగా కనిపిస్తుంది]

వాయిస్: మొదటి భాగంలో ప్రతి హల్లూ కనీసం మూడుసార్లు రావాలని నియమం. జెడ్‌హెచ్, సీహెచ్, ఎస్‌హెచ్ మూడు హల్లులు, అంటే తక్కువలో తక్కువ 9 అక్షరాలు. తొమ్మిదీ తప్పితే 0.9. రెండో భాగానికీ అదే నియమం, అక్కడ 1.8. గద్యంలో ఈ మూడు హల్లులు అడుగడుగునా తగులుతాయి. ‘షి’ అంటే ‘ఉండు, అవు’, ‘షాంగ్’ అంటే ‘పైన’, ‘ష్వో’ అంటే ‘చెప్పు’. ఇవి లేకుండా వాక్యం నడవదు. నాలుగు వందల్లో ఓ యాభై తప్పాయనుకుందాం, 5 మార్కులు. నాలుగో భాగంలో ఉచ్చారణకి 25 మార్కులుంటాయి. పదిహేను తప్పులు దాటి యాస స్పష్టంగా వినిపిస్తే 9 నుంచి 11 దాకా కోస్తారు. తక్కువే వేద్దాం, 9.

0.9, 1.8, 5, 9. మొత్తం 16.7. మిగిలింది 83.3.

మొదటి రెండు భాగాల్లో పోయింది మూడు మార్కులు కూడా లేదు. మనుషులు మాత్రం నెలల తరబడి ఆ విడి అక్షరాల జాబితానే బట్టీ పడుతుంటారు. సాధన ఒక అలవాటు మీద పెట్టాలి. ఎవరి అలవాటు ఏదో వాళ్ల ఊరు చెబుతుంది: ఛంగ్‌తు, వుహాన్ వైపు న, ల కలిసిపోతాయి. ఫుజియన్‌లో ఎఫ్, హెచ్ తారుమారవుతాయి. షెన్‌యాంగ్ వైపు ర పలకాల్సిన చోట య వస్తుంది. దక్షిణాదిలో చాలా చోట్ల చివరి న్, ంగ్ తేడా తెలియదు.

[స్క్రీన్: కంప్యూటర్ తెర నమూనా. నలుపు, నీలం వరుసలు.]

వాయిస్: ఇప్పుడు గదిలోకి వెళ్దాం. హెడ్‌సెట్ మైక్ నోటికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. సరిగ్గా ఎదురుగా పెడితే గాలి కొట్టి ‘ప’, ‘త’లు పేలతాయి. ముందు ఒక వాక్యం చదివించి మైక్ పరీక్షిస్తారు. ఆ వాక్యం గుసగుసగా చదివి, తర్వాత గొంతు పెంచేవాళ్లుంటారు. మొదటినుంచీ ఒకే గొంతు పెట్టండి.

అక్షరాలు ఎడమనుంచి కుడికి, అడ్డంగా చదవాలి. వరుస దాటిపోకుండా ఒకటి నల్లగా, ఒకటి నీలంగా చూపిస్తారు. వంద అక్షరాలకు 210 సెకన్లు అంటే ఒక్కోదానికి రెండు సెకన్ల పైనే. కంగారు అక్కర్లేదు. కంగారు పడితే మూడో స్వరం విరుగుతుంది. చైనీస్‌లో మూడో స్వరం కిందికి దిగి మళ్లీ పైకి లేవాలి. ‘మై’ని అలా పలికితే ‘కొను’, పైనుంచి ఒక్కసారిగా దించితే ‘అమ్ము’. మాటల మధ్య మూడో స్వరం సగమే పలుకుతాం, అది సహజం. విడి అక్షరం చదివేటప్పుడు మాత్రం పూర్తిగా లేవాలి. సగంలో ఆపేస్తే లోపం కింద 0.05. నాలుగు స్వరాలూ ఇంచుమించు సమానంగా ఇస్తారు కాబట్టి పాతిక అక్షరాలు మూడో స్వరానివే ఉంటాయి. పాతిక సార్లు సగంలో ఆపితే 1.25 పోయినట్టే. 92 కోసం చూసే నటుడికి అది చిన్న సంగతి కాదు.

నోరు జారితే వెంటనే ఒకసారి సరిదిద్దుకోవచ్చు, రెండో పలుకునే లెక్కలోకి తీసుకుంటారు. ముందుకెళ్లిపోయి వెనక్కి రావడం కుదరదు. సమయం దాటితే నిమిషం లోపు 0.5, ఆపైన 1 పోతుంది. పూర్తయ్యాక ‘తర్వాత’ బటన్ నొక్కాలి. నొక్కకుండా ‘అయిపోయిందా?’ అని పక్కకి తిరిగి అడిగితే, ఆ మాటా రికార్డవుతుంది.

రెండో భాగంలో రెండు ఉచ్చులు. ఒకటి, పదం చివర ‘ర్’ చేరే పదాలు. కనీసం నాలుగు వస్తాయి. ‘పిల్లవాడు’ని ‘శియావ్ హాయ్ అర్’ అని మూడు ముక్కలుగా చదవకూడదు, ‘శియావ్‌హార్’ అని నాలుక మడిచి కలిపేయాలి. రెండోది, స్వరం లేకుండా తేలిగ్గా వదిలేసే అక్షరాలు. ఇవి కాగితం మీద గుర్తు పెట్టి ఉండవు. ‘తుంగ్‌శి’ రెండో అక్షరం తేలిగ్గా అంటే ‘వస్తువు’. నొక్కి మొదటి స్వరంలో అంటే ‘తూర్పు పడమరలు’. ఇది తెలిసి ఉండాల్సిందే, అక్కడ ఊహించేది కాదు.

[స్క్రీన్: గద్యం పేరా. 400వ అక్షరం దగ్గర రెండు ఏటవాలు గీతలు.]

వాయిస్: గద్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న పరీక్ష మార్గదర్శక పుస్తకం కొత్త సంచికలో 50 గద్యాలు ఉన్నాయి, అందులోంచే ఇస్తారు. ముందే చదువుకోవచ్చు. రెండు ఏటవాలు గీతల దాకా ఉన్న 400 అక్షరాలకే మార్కులు, కానీ గీతల దగ్గర ఠక్కున ఆగకుండా ఆ వాక్యం ముగించాలి. తప్పు చదివానని వాక్యం మొత్తం వెనక్కి వెళ్లి చదివితే, తప్పుకి 0.1తో పోయేది ధారాళత కింద 0.5 దాకా, ఒక్కోసారి ఆ పైనా లాగుతుంది. జారినచోట వదిలేసి సాగిపోవడం మేలు.

[స్క్రీన్: మూడు నిమిషాల గడియారం]

వాయిస్: ఇక నాలుగో భాగం. మొదటి మూడు భాగాలకూ యంత్రమే మార్కులు వేస్తుంది. దీనికి మాత్రం మామూలుగా మనుషులు వింటారు. 50 అంశాల్లోంచి రెండు చూపిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. ‘నా ఒక రోజు’, ‘విలువైన కానుక’, ‘నాకిష్టమైన వంటకం’ లాంటివి. 40 మార్కుల్లో ఉచ్చారణకు 25, మాటలకూ వ్యాకరణానికీ 10, సహజంగా సాగడానికి 5.

చాలామంది ఈ యాభై అంశాలకీ ఒకే వ్యాసం తయారు చేసుకుంటారు. కానుక వచ్చినా, వంటకం వచ్చినా, టీచర్ వచ్చినా చివరికి వాళ్ల అమ్మమ్మ దగ్గరికే వస్తుంది. అందులో తప్పులేదు, అంశానికి అతికితే చాలు. తంటా ఎక్కడంటే, పుస్తకంలోనో నెట్‌లోనో దొరికిన వ్యాసం బట్టీ పట్టి అప్పగిస్తే. వినేవాళ్లు రోజంతా అవే వింటుంటారు. పోలిక దొరికితే 4 నుంచి 6 మార్కులు పోతాయి. అంశం తప్పితే అంతే. మాటలు దొరక్క అంకెలు లెక్కపెట్టినా, పద్యం చదివినా ఆ సమయాన్ని మాట్లాడనట్టే చూస్తారు.

మూడు నిమిషాలకి ఒక నిమిషం దాకా తక్కువ మాట్లాడితే 1 నుంచి 3 పోతాయి, ఇంకా తక్కువైతే 4 నుంచి 6. మాట్లాడింది ముప్పై సెకన్లకి మించకపోతే భాగం మొత్తానికి సున్నా. అందుకే రెండు నిమిషాలకే చెప్పాల్సింది అయిపోతే చిన్న వివరాల్లోకి వెళ్లండి. వంటకం అంటే ఉల్లిపాయ ఎలా తరిగారు, నూనె ఎంత కాగాలి, ఎవరు ముందు తిన్నారు. పొట్టి వాక్యాలు, రోజూ వాడే మాటలు. పెద్ద సాహిత్య పదాలకి అదనపు మార్కులు లేవు, అవి తెచ్చేది తప్పు పలికే అవకాశాన్నే. దక్షిణాదివాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కు: ‘తిన్నాను’ అనడానికి క్రియ ముందు ‘యో’ చేర్చడం వాళ్ల యాసలో మామూలు. ఉచ్చారణ బాగున్నా అది పది మార్కుల ఖాతాలో పడుతుంది.

[స్క్రీన్: రెండు సర్టిఫికెట్ల బొమ్మలు, పీఎస్‌సీ, హెచ్‌ఎస్‌కే]

వాయిస్: చైనాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలకి ఒక మాట. మీకు కావాల్సింది ఇది కాదు. ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే దశకి అడిగేది హెచ్‌ఎస్‌కే 4. అది విదేశీయుల పరీక్ష. మాట్లాడే పరీక్షే కావాలంటే హెచ్‌ఎస్‌కేకే ఉంది, మూడు స్థాయిలు, ఒక్కోటి వందకి, 60 వస్తే పాస్. అక్కడ మీరు చెప్పిన విషయం అర్థమైందా అన్నది చూస్తారు. పీఎస్‌సీలో ప్రతి అక్షరం ఎలా పలికిందో చూస్తారు. అయినా రాయాలనిపిస్తే దారి ఉంది: చైనాలో మూడు నెలలు, ఆపైన చదువుతున్న, పనిచేస్తున్న, ఉంటున్న విదేశీయులు స్వచ్ఛందంగా దరఖాస్తు చేసుకోవచ్చు. దుబాసీ పనికో, అక్కడ బోధనకో వెళ్లాలనుకునేవాళ్లకి ఉపయోగం.

పీఎస్‌సీ ఫలితాలు మామూలుగా 30 పనిదినాల్లో వస్తాయి. మార్కుల మీద అనుమానం ఉంటే ఫలితం వచ్చిన 15 పనిదినాల్లోపు, పరీక్ష రాసిన కేంద్రానికే పునఃపరిశీలన దరఖాస్తు ఇవ్వాలి.

[స్క్రీన్: హెడ్‌సెట్ మైక్ మళ్లీ. తెర మీద రికార్డింగ్ పట్టీ మూడో నిమిషానికి నిండుతుంది.]