నిన్న సాయంత్రం ఎక్కడ కూర్చున్నరమ్మా?

(హన్మకొండలో, తొలిసారి ఇంటింటి సర్వేకు బయలుదేరుతున్న డిగ్రీ విద్యార్థులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రేపు పొద్దున మీరు ఫారాలు పట్టుకుని గడపగడపకూ వెళ్తున్నారు. ఆరోగ్యం, ఇంటి సంగతులు, తీరిక వేళ బయట గడిపే సమయం గురించి అడగబోతున్నారు. కోడ్‌లు ఎట్లా వేయాలో మీ మేడమ్‌లు, సార్లు నేర్పించారు. నేను గడప దగ్గర జరిగే సంగతి చెప్పడానికి వచ్చాను.

చాలా ఏళ్ల కిందట కొత్తవాడలో ఒక నేత ఇంటికి సర్వేకు వెళ్లాను. మగ్గం మీద సగం నేసిన జంపఖానా, ఎరుపూ నీలం చారలు. పక్కనే ఒకామె నేల మీద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నది. "ఏం పని చేస్తరమ్మా?" అని అడిగాను. "నేనేం చేస్త సారూ, ఇంట్లనే ఉంట" అన్నది. రాట్నం మాత్రం ఆగలేదు. నేను ఆమె మాట విన్నాను, చేతులు చూడలేదు. 'పని లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. తరువాతి ప్రశ్న: "విహార కార్యకలాపాలకు వారానికి ఎన్ని గంటలు కేటాయిస్తారు?" ఉన్నదున్నట్టు చదివాను. ఆమె భర్త వైపు చూసింది. ఆయన "అసుంటియి మాకేడివి సారూ" అన్నాడు. సున్నా వేశాను. ఫారం మడిచి లేస్తుంటే ఆమె కూతురిని కేకేసింది: "పొద్దు గూకింది, అరుగు మీద చాప ఎయ్యవే, పక్కింటోళ్లు ఒస్తరు, జర సేపు సల్లగాలికి కూసుందం."

రోజూ సాయంత్రం బయట కూర్చుని నలుగురితో ముచ్చట పెట్టే మనిషికి నేను సున్నా వేశాను. రోజంతా కండెలు చుట్టే మనిషికి పని లేదని రాశాను. ఆమె నాతో అబద్ధం ఆడలేదు. నా ప్రశ్నలోని మాటలు ఆమె ఇంట్లోవి కావు, అంతే. ఆ ఫారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈ చిక్కు పెద్ద సర్వేలు చేసేవాళ్లకూ తెలుసు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. "మీరు పని చేస్తారా?" అని అడిగి ఊరుకోలేదు. తెల్లవారుజామున 4 గంటల నుంచి మరునాడు తెల్లవారుజామున 4 దాకా రోజును అరగంట ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏం చేశారో రాసుకున్నది. అట్లా లెక్క తీస్తే, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. "ఇంట్లనే ఉంట" అన్న మాటలో దాదాపు అయిదు గంటలు దాగి ఉన్నాయి. ఆ సర్వేను ఏడాది పొడుగునా నడపడానికీ కారణం ఉంది. మన దగ్గర బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అడిగితే ప్రతి ఇల్లాలూ సాయంత్రం బయటే ఉంటుంది. నడి మే నెలలో అడిగితే పొద్దు గూకేదాకా ఎవరూ గడప దాటరు.

ఇంకొక మాట, ఎవరిని అడుగుతున్నాం? పొద్దున ఆరింటికి భద్రకాళి బండ్ మీద నిలబడి అడిగితే వరంగల్ అంతా వాకింగ్ చేస్తున్నట్టే రాసుకుని వస్తారు. రానివాళ్లు మీకు అక్కడ కనిపించరు కదా. అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ముందు ఇళ్ల జాబితా రాసుకుని, ఒక్కో క్లస్టర్‌కు, అంటే సర్వేకు ఎంచుకున్న ఒక్కో ఊరికో వాడకో, 22 ఇళ్లు పద్ధతి ప్రకారం ఎంచుకుంటుంది. తాళం ఉంటే మళ్లీ వెళ్లాలి. పక్కింటితో సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఈ ఒక్క నియమం తప్పితే మీ కష్టమంతా వృథా అవుతుంది, గట్టిగానే చెప్తున్నాను.

2019-21 నాటి అదే సర్వేలో, తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని బయటపడింది. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఇళ్లకు వెళ్లి తల్లులను అడిగి రాసుకున్న జవాబులవి. ఒక్కొక్క తల్లి జవాబుకు ఉన్న బరువు అంత.

ఆ సర్వేలోనే నాకు బాగా నచ్చే ప్రశ్న ఒకటుంది. బజారుకు, దవాఖానకు, ఊరి బయటికి ఒంటరిగా వెళ్లనిస్తారా, తోడుంటేనే వెళ్లనిస్తారా, అసలే వెళ్లనివ్వరా అని ఆడవాళ్లను అడుగుతారు. ఆరోగ్యమూ సంసారమూ బయటి గాలీ మూడూ ఆ ఒక్క ప్రశ్నలో కలుస్తాయి. ఒకామెకు షుగరొచ్చింది, రోజూ నడువుమని డాక్టర్ చెప్తాడు. వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర్లోనే ఉంటుంది. అయినా ఆమె పోదు. ఎందుకు పోదో తెలియాలంటే అత్తగారు పక్కన కూర్చుని జవాబు అందిస్తుంటే తెలియదు. ఇంట్లో హింస గురించి అడిగే భాగంలో ఆ సర్వే ఇంటికి ఒక్క ఆడమనిషినే ఎంచుకుంటుంది. చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నలు అడగకుండానే వచ్చేయాలి. మీ ఫారంలో అంత బరువైన ప్రశ్నలు లేవు. అయినా ఎవరైనా పక్కన ఉంటే, ఎవరున్నారో అంచున రాయండి. జవాబు ఎవరి నోట వచ్చిందో కూడా రాయండి.

ఇప్పుడు మీ ఫారాలు తీయండి. 14వ ప్రశ్న చూడండి. 'విహారం' అన్న మాట ఇక్కడా ఉంది. మీ మేడమ్‌తో పొద్దుననే మాట్లాడాను, మార్చుకోవచ్చన్నారు. అందరి ఫారాల్లోనూ ఒకే తీరుగా ఉండాలి కాబట్టి నేను చెప్పినట్టే రాసుకోండి. ఆ వాక్యం కొట్టేసి, కింద ఇట్లా రాయండి: "నిన్న పొద్దు గూకినంక ఎక్కడ కూర్చున్నరమ్మా? ఎవరెవరున్నరు? ఎంతసేపు?" రాశారా? వెనక వరుస వాళ్లు కూడా? ఫారం ఇచ్చే ముందు ఇంకొకసారి చదివి చూసుకోండి.