గింజ గోతంలోనే ముసలిదవుతుంది

సర్పంచ్ గారికి, పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. ఏరువాక పున్నమని పిలిచారు, పది నిమిషాలన్నారు. నేను విత్తనం గురించే మాట్లాడతాను.

మన అనంతపురం జిల్లాలో ఖరీఫ్ శెనక్కాయ పెరికాక, విత్తనానికి తీసిపెట్టింది జూన్ దాకా ఇంట్లో ఉండాలి. మధ్యలో ఎండాకాలం. రేకుల కింద గోతాలేసి మే నెలంతా ఉడకబెడితే ఏం మొలుస్తుంది? గింజకు ప్రాణముంది, ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేరుశెనగ గింజలో దాదాపు సగం నూనే. గాలికీ వేడికీ ఆ నూనె చెడి, కణాల చుట్టూ ఉన్న పొరలు దెబ్బతింటాయి. అట్లాంటి గింజ నేలలో తడి పీల్చగానే లోపలి చక్కెరలు బయటికి కారిపోతాయి, దానికి బూజు చేరుతుంది.

వెనకున్నోళ్ళకు వినపడుతోందా?

ఒక ఏడు మా ఇంట్లో కాయలు లేక మిషన్లో ఒలిచిన గింజలు కొన్నాం. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. వానొచ్చింది, మంచి పదును, గొర్రు కట్టాం. ఆరో రోజుకీ సాలు కనపడలేదు. నాన్న గట్టు దిగి వేలితో మట్టి తవ్వాడు. గింజ ఉబ్బి ఉంది, నొక్కితే రెండు బద్దలూ జిగటగా జారిపోయాయి, మొనలో వేరు లేదు. ఆ గింజను పంచెకు తుడిచి జేబులో వేసుకున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. పక్క చేలో అవ్వ కాయలు కాయలుగానే దాచి, విత్తే వారంలో చేత్తో ఒలిచింది. అదే వాన, ఆమె చేను పచ్చగా లేచింది. మేము మళ్ళీ విత్తుదామంటే పదును ఆరిపోయింది.

అమ్మినాయన మోసం చేశాడని ఊరంతా అన్నారు. నాకూ ఇంకా కోపమే. కానీ పది గింజలు తడిగుడ్డలో వేసి చూడని తప్పు మాది కూడా.

సర్టిఫైడ్ వేరుశెనగ విత్తనంలో కనీసం 70 శాతం మొలవాలి, తేమ 9 శాతం దాటకూడదు. తేమ ఒక్క శాతం తగ్గిస్తే విత్తనం ఆయుష్షు సుమారు రెండింతలవుతుందని హారింగ్టన్ అనే శాస్త్రవేత్త లెక్క చెప్పాడు. అందుకే అమ్మలారా, కాయ బాగా ఆరబెట్టండి, గోతాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టండి, ముందుగా ఒలవొద్దు. పైపొట్టు పోతే గింజకు అడ్డం లేదు. మిషన్ దెబ్బకు ఎర్రతోలు కూడా చిట్లుతుంది.

ఇదిగో, ఐదు రోజుల కింద తడి గోతంలో వంద గింజలు చుట్టాను, మా ఇంటి కాయలే. నేనింకా విప్పలేదు. ఇద్దరు ముందుకొచ్చి, మొలిచినవి ఎన్నో అందరికీ వినపడేలా లెక్కపెట్టండి.