ద్నీప్రో ఒడ్డున స్వీడిష్ వాళ్ల ఊరు

అందరికీ నమస్కారం.

ఉక్రెయిన్ యుద్ధం వార్తల్లో ఖేర్సన్ పేరు మీరు వినే ఉంటారు. ఆ ప్రాంతంలోనే, బెరిస్లావ్ పట్టణానికి దగ్గర్లో, ద్నీప్రో నది కుడి గట్టున జ్మియివ్కా అనే ఊరుంది. చుట్టూ చెట్లు పెద్దగా లేని మైదానం. నల్లనేల, వాన తక్కువ, గోధుమ, పొద్దుతిరుగుడు, పుచ్చకాయలు. అలాంటి ఊళ్లు అక్కడ చాలానే ఉన్నాయి. కానీ ఈ ఊళ్లో మొన్నమొన్నటి వరకూ కొందరు ముసలివాళ్లు ఇంట్లో స్వీడిష్ మాట్లాడుకునేవారు.

వీళ్ల పూర్వీకులది ఇప్పటి ఎస్టోనియాలోని హియుమా దీవి. అక్కడి స్వీడిష్ రైతులకు తాము స్వతంత్రులమన్న పట్టింపు ఎక్కువ, అందుకే జమీందారుతో ఎప్పుడూ తగాదాలే. అప్పటికి దీవి రష్యా సామ్రాజ్యంలో ఉంది. తుర్కుల నుంచి గెలుచుకున్న దక్షిణ భూముల్ని మనుషులతో నింపాలని మహారాణి కాథరిన్ చూస్తోంది. 1781లో సుమారు వెయ్యిమంది బయల్దేరారు. బలవంతంగా తోలారా, మంచి భూమి ఆశ చూపారా అని ఇప్పటికీ వాదనలున్నాయి. నాకైతే రెండూ జరిగాయనే అనిపిస్తుంది. దాదాపు 2,000 కిలోమీటర్లు, మధ్యలో చలికాలం. తీరా వస్తే, సిద్ధంగా ఉంటాయనుకున్న ఇళ్లు లేవు. చర్చి రికార్డుల ప్రకారం 1783 మార్చి నాటికి బతికున్నది 135 మంది.

ఆ కొద్దిమందే ఊరిని నిలబెట్టారు. తర్వాత పక్కనే జర్మన్ ఊళ్లు వెలిశాయి. 1885లో చర్చి కట్టుకున్నారు. స్వీడిష్ బైబిలు, కీర్తనలే వాళ్ల భాషను కాపాడాయి.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది 1929. సోవియట్ ప్రభుత్వం ఒప్పుకోవడంతో దాదాపు 900 మంది స్వీడన్‌కు వెళ్లిపోయారు. ఘనంగానే స్వాగతం దొరికింది. కానీ వాళ్లు అడిగింది అందరూ కలిసి ఉండే ఒక ఊరు. దొరికింది అక్కడో కుటుంబం, ఇక్కడో కుటుంబంగా చెదిరిన బతుకు. ఎక్కువమంది గాట్లాండ్ దీవిలో సర్దుకున్నారు. రెండు వందల మందికి పైగా మాత్రం మళ్లీ ద్నీప్రో ఒడ్డుకు వచ్చేశారు! అదీ ఎప్పుడు? ఊళ్లో భూములన్నీ సామూహిక వ్యవసాయంలోకి పోతున్నప్పుడు. వాళ్ల పొలాలకు 'ఎర్ర స్వీడిష్ ఊరు' అని పేరు పెట్టారు. 1932-33 కరువు మింగడానికి వచ్చినప్పుడు ఆ పేరు ఎవరి కడుపూ నింపలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో, 1943లో, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం వీళ్లను వెంట తీసుకుపోయింది. యుద్ధం ముగిశాక కొందరు స్వీడన్ చేరారు. ఇంకొందరిని సోవియట్ అధికారులు ఉత్తర రష్యాలోని కోమీ ప్రాంతానికి పంపారు. అక్కణ్ణుంచి బయటపడినవాళ్లూ ఈ గట్టుకే వచ్చారు.

1950ల్లో కఖోవ్కా డ్యామ్ కట్టాక నది ఊరి ముందు పెద్ద జలాశయమైంది, పల్లపు నేలలు మునిగాయి. 2022లో రష్యా సైన్యం ఊరిని ఆక్రమించి, నవంబరులో నది దాటి వెనక్కి పోయింది. అవతలి గట్టు నుంచి కాల్పులు మాత్రం ఆగలేదు. 2023 జూన్ 6న డ్యామ్ కూలింది. దిగువ ఊళ్లు మునిగిపోతే, ఎగువనున్న ఇక్కడ జలాశయమే ఖాళీ అయింది.

గాట్లాండ్‌లోని రోమా అనే ఊళ్లో 1929లో వెళ్లినవాళ్ల వారసులు మ్యూజియం నడుపుతున్నారు. ఈ ఊరి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ప్రస్తుతానికి అదొక దారి. ప్రశ్నలుంటే అడగండి.